తాళం మనది, మాట వాళ్లది

ఈమెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం నేర్పిస్తాం రండి అని మిత్రులను పిలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మనకేం రహస్యాలుంటాయండీ?" రిటైరైన లెక్కల మాస్టారూ ఇదే అడుగుతారు, బట్టల కొట్టు నడిపే స్నేహితుడూ ఇదే అడుగుతాడు. బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు, స్కానింగ్ రిపోర్టులు లేవా అని ఎదురు ప్రశ్న వేయొచ్చు. అది నిజమే గానీ అసలు జవాబు అది కాదు. హైదరాబాద్‌లో మా పేట గ్రంథాలయం గదిలో పెట్టుకున్న ఓ ఆదివారం క్లాసులో అసలు జవాబు ఒక అడ్వకేటు నోట విన్నాను. ఆమె ఫ్యామిలీ కోర్టు కేసులు చూస్తుంది. "మీకు లేకపోవచ్చు మాస్టారూ, మీకు రాసేవాళ్లకు ఉంటాయి కదా" అంది.

ఆ మాటలో మనుషుల మధ్య ఉండాల్సిన మర్యాదే కాదు, ఈ విద్య లోపలి లెక్క కూడా ఉంది. మెయిల్‌ను మూసేది రాసేవారి తాళంతో కాదు, అందుకునేవారి తాళంతో. మీ దగ్గర తాళం లేకపోతే మీకు భద్రంగా రాయాలనుకున్నవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా ఏమీ చేయలేరు.

క్లాసులో లాప్‌టాప్ తెరవకముందే నేను ఒక రేకు పెట్టె, రెండు మూడు కప్పతాళాలు బల్ల మీద పెడతాను. కప్పతాళం వేయడానికి చెవి అక్కర్లేదు, నొక్కితే పడిపోతుంది. తెరవడానికే చెవి కావాలి. మాస్టారు తన తాళాలను తెరిచి ఊరందరికీ పంచేసి, చెవి మాత్రం జేబులో ఉంచుకున్నారనుకోండి. ఎవరైనా కాగితం పెట్టెలో పెట్టి, ఆ తాళం నొక్కి ఆయనకు పంపొచ్చు. దారిలో ఎవరి చేతికి చిక్కినా పెట్టె తెరుచుకోదు. వేసినవాళ్లు కూడా మళ్లీ తెరవలేరు. పంచిపెట్టే తాళం పబ్లిక్ కీ, జేబులో ఉండే చెవి ప్రైవేట్ కీ. పెట్టె గది చుట్టూ ఒక రౌండు తిరిగి వచ్చేసరికి ఈ సంగతి అందరికీ బోధపడుతుంది. ఆ వెనకున్న గణితాన్ని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ 1976లో లోకానికి చెప్పారు. దాన్ని మామూలు మనుషుల కంప్యూటర్లలోకి తెచ్చింది ఫిల్ జిమ్మర్‌మన్, 1991లో, పీజీపీ అనే ప్రోగ్రాంతో. అది దేశం దాటిందని, ఆయుధాల ఎగుమతి నిబంధనల కింద అమెరికా ప్రభుత్వం ఆయన మీద దర్యాప్తు నడిపింది. 1996 జనవరిలో కేసు పెట్టకుండానే మూసేసింది. ఒక ప్రోగ్రాంను ఫిరంగుల జాబితాలో చేర్చారంటే దాని బలమేమిటో అర్థం చేసుకోవచ్చు.

తాళం లేని మనిషికి రాయలేకపోవడం ఎంత నష్టమో చెప్పడానికి క్లాసులో నేను ఎంచుకునే కథ అమెరికా నిఘా రహస్యాలను బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్‌ది. 2012 డిసెంబరు మొదట్లో అతను సిన్సినాటస్ అనే మారుపేరుతో గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే జర్నలిస్టుకు మెయిల్ రాశాడు. మీరు పీజీపీ పెట్టుకుంటే మీకు పనికొచ్చే సమాచారం ఇస్తానన్నాడు. ఎలా పెట్టుకోవాలో మెట్టు మెట్టుగా రాసి పంపాడు, చివరికి వీడియో కూడా తయారుచేశాడు. గ్రీన్‌వాల్డ్‌కు ఎప్పుడూ ఏదో పని, అది జరగలేదు. జనవరిలో స్నోడెన్ డాక్యుమెంటరీ దర్శకురాలు లారా పొయిట్రస్ వైపు తిరిగాడు. ఆమె దగ్గర అప్పటికే కీ ఉంది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఏం చేస్తోందో 2013 జూన్‌లో ప్రపంచానికి తెలిసిందంటే, ఆ కీ అప్పటికే అక్కడ ఉండటం ఒక ముఖ్య కారణం.

ఈ కథలో చాలామందికి తెలియని ముక్క ఇంకోటి ఉంది. అదే డిసెంబరు 11న, అదే మారుపేరుతో, హోనలులులో స్నోడెన్ ఒక క్రిప్టోపార్టీ ఏర్పాటు చేశాడు. ఆ ఏడాది ఆగస్టులో ఆస్ట్రేలియాలో కొత్త సైబర్ చట్టం వచ్చినప్పుడు ఆషర్ వుల్ఫ్ అనే ఆమె మొదలుపెట్టిన పద్ధతి అది: తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు ఉచితంగా, ఎదురుగా కూర్చుని నేర్పడం. టోర్ ప్రాజెక్టుకు చెందిన రూనా శాండ్విక్ ఆ రోజు ఇంటర్నెట్‌లో మన ఆచూకీ తెలియకుండా దాచే టోర్ గురించి చెప్పింది, స్నోడెన్ హార్డ్ డిస్కును భద్రపరిచే ట్రూక్రిప్ట్ గురించి చెప్పాడు. దూరాన ఉన్న జర్నలిస్టుకు అన్ని సూచనలు రాసి పంపినా పని కాని నెలలోనే, అతను ఒక గదిలో కొందరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. క్లాసులెందుకు, వీడియో లింకు పంపితే చాలదా అని అడిగేవారికి నేను ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

పరిశోధన కూడా అదే చెబుతోంది. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ పన్నెండు మందికి పీజీపీ 5.0 ఇచ్చి, మెయిల్‌కు సంతకం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి పంపమన్నారు. గంటన్నర సమయం ఇచ్చారు. మూడోవంతు మందే చేయగలిగారు. ముగ్గురైతే దాచాల్సిన రహస్యాన్నే తెరిచి పంపేశారు. వాళ్లంతా చదువుకున్నవాళ్లే, కంప్యూటర్ అలవాటున్నవాళ్లే. తప్పు వాళ్లది కాదు, ఆ ప్రోగ్రాం తీరుది అని ఆ పరిశోధకులు తేల్చారు. నేను ఇంకో మాట కూడా చేరుస్తాను: పక్కన అడగడానికి ఎవరూ లేరు.

అందుకే మా క్లాసులో ఉపన్యాసం ఉండదు. జంటలుగా కూర్చోబెడతాం. వీలైతే నిజ జీవితంలో ఒకరికొకరు రాసుకునేవాళ్లనే జంట చేస్తాం: విలేఖరి, అతని ఎడిటర్; అక్క, అమెరికాలో ఉన్న చెల్లెలి తరఫున వచ్చిన కొడుకు; యూనియన్ కార్యదర్శి, కోశాధికారి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడతాం. 2020 నుంచి అందులో ఎన్‌క్రిప్షన్ సదుపాయం లోపలే ఉంది, విడిగా ఏదీ తగిలించక్కర్లేదు. కీ తయారీకి నిమిషం పట్టదు. ఆ తర్వాత వచ్చేదే అసలు పని.

మొదటిది పాస్‌వర్డ్. థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే లాప్‌టాప్ తెరిచిన ఎవరికైనా ప్రైవేట్ కీ అందినట్టే. గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోండి అనగానే మనవాళ్లలో చాలామంది కళ్లు మూసుకుని చిన్నప్పుడు కంఠతా పట్టిన పద్యం ఒకటి గుర్తు తెచ్చుకుంటారు. పొడుగ్గా ఉంటుంది, మరిచిపోం అని వాళ్ల ధీమా. ఊరందరికీ కంఠతా వచ్చిన పద్యం తాళం కాలేదు. దాని బదులు పాచికలు ఇస్తాం, వైకుంఠపాళి డబ్బాలో వచ్చేవే. ఐదుసార్లు వేస్తే వచ్చే ఐదంకెలతో, 7776 పదాల పట్టికలోంచి ఒక పదం తీసుకోవాలి. అలా ఆరు పదాలు. ఒకటి పక్కన 23 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువ కలయికలవుతాయి. అర్థం లేని ఆ ఆరు పదాలకు జంటలో ఇద్దరూ ఎవరికి వారు మనసులో ఒక కథ అల్లుకుంటారు. అది మాత్రం ఒకరికొకరు చెప్పుకోకూడదు. గదిలో అందరూ నవ్వు ముఖాలతో నోరు మూసుకుని కూర్చునే ఆ ఐదు నిమిషాలు నాకు చాలా ఇష్టం.

రెండోది ఫింగర్‌ప్రింట్. ప్రతి కీకి నలభై అక్షరాల గుర్తు ఉంటుంది, నాలుగేసి చొప్పున పది గుంపులు. అంకెలు కాక ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. ఎదుటివారి కీ మన దగ్గరికి మెయిల్‌లో వచ్చినంత మాత్రాన అది వాళ్లదేనని నమ్మకూడదు, మధ్యలో ఎవరైనా తమ తాళాన్ని వాళ్ల పేరుతో అంటగట్టి ఉండొచ్చు. కాబట్టి ఒకరు తన తెర మీది గుర్తు పైకి చదవాలి, రెండోవారు తమ దగ్గరికొచ్చిన దానితో సరిచూసుకోవాలి. ఫోన్‌లో చదివేటప్పుడు బి, డి, ఇ ఒకేలా వినిపిస్తాయి. అందుకని మా క్లాసులో ఊళ్ల పేర్లు పెట్టుకున్నాం: ఆదిలాబాద్, బాపట్ల, చిత్తూరు, ధర్మవరం, ఏలూరు, ఫరూఖ్‌నగర్. చదవడం పూర్తయ్యాకే థండర్‌బర్డ్ అడిగే ప్రశ్నకు జవాబివ్వాలి. నాలుగు జవాబులుంటాయక్కడ: వద్దు, ఇప్పుడు కాదు, ఒప్పుకుంటున్నాను గానీ సరిచూడలేదు, స్వయంగా సరిచూశాను. ఈ నాలుగో దాని మీద నొక్కే హక్కు ఫింగర్‌ప్రింట్ చెవులారా విన్నవారికే ఉంది. ఎదురుగా స్నేహితుడే కూర్చున్నాడు కదా, ఇంకేం చూడాలి అని కొందరు తొందరపడతారు. అక్కడ నేను పట్టువిడవను. స్నేహితుడి మీద నమ్మకం వేరు, అతని పేరుతో వచ్చిన కీ మీద నమ్మకం వేరు.

ఈ తేడా విలువ తెలియాలంటే భీమా కోరేగావ్ కేసులో బయటికొచ్చిన ఒక నివేదిక చూడాలి. నిందితుల్లో ఒకరైన రోనా విల్సన్ కంప్యూటర్ నకలును అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థ నిందితుల తరఫున పరిశీలించింది. 2016 జూన్ 13న సహ నిందితుడు వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో పంపిన మెయిళ్ల ద్వారా మాల్‌వేర్ అందులో చేరిందని, తర్వాత దాని ద్వారా ఫైళ్లు పెట్టారని 2021లో చెప్పింది. దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ దీన్ని అంగీకరించలేదు, తేల్చాల్సింది కోర్టు. మన పాఠానికి మాత్రం ఒకటి స్పష్టం. తెలిసిన ఖాతా నుంచి వచ్చినంత మాత్రాన తెలిసిన మనిషి రాసినట్టు కాదు. ఇది నేనే రాశానని రుజువయ్యేలా ప్రైవేట్ కీతో మెయిల్‌కు సంతకం చేసే అలవాటు ఇద్దరి మధ్యా ఉంటే, సంతకం లేని మెయిల్ రాగానే అనుమానం వస్తుంది, ఓ ఫోన్ చేసి అడుగుతారు. ఇంకో సంగతి కూడా అక్కడే ఉంది. కంప్యూటర్‌లోకే ఎవరైనా చొరబడితే ఎన్‌క్రిప్షన్ కాపాడలేదు. తెర మీద మీరు చదివేది వాళ్లూ చదువుతారు.

ఇలాంటి హద్దుల గురించి క్లాసులోనే చెప్పేయాలి. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారన్నది మెయిల్ సర్వర్లకు తెలుస్తూనే ఉంటుంది. సబ్జెక్ట్ లైన్‌ను థండర్‌బర్డ్ దాస్తుంది గానీ అన్ని ప్రోగ్రాములూ దాచవు, కాబట్టి అక్కడ ఏమీ రాయొద్దు. ప్రైవేట్ కీ పోతే పాత మెయిళ్లన్నీ మనకే తెరుచుకోవు. అందుకని ఇంటికి వెళ్లేముందు ప్రతివారూ పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసుకోవాల్సిందే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2024లో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు పత్రికలకెక్కాక ఇది అడగనివారు లేరు. మామూలు పౌరుడు తన మెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం మన దేశంలో నేరం కాదు. కానీ ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద అధికారికంగా ఉత్తర్వు వస్తే డీక్రిప్షన్‌కు సహకరించాలి, కాదంటే ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా విధానం తెచ్చింది, ఎన్‌క్రిప్ట్ చేసినదాని అసలు పాఠాన్ని 90 రోజులు దాచి ఉంచాలని అందులో ఉంది. జనం గట్టిగా ఎదిరించడంతో రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. రాజ్యాంగం ఇచ్చిన ఆ హక్కును చేతితో పట్టుకుని వాడుకునే సాధనాల్లో ఇదొకటని నేను నమ్ముతాను.

వాట్సాప్‌లో 2016 నుంచే ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, సిగ్నల్ యాప్ ఉంది కదా, మళ్లీ ఈ శ్రమ దేనికి అని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇద్దరు స్నేహితుల రోజువారీ మాటలకు సిగ్నల్ చాలు, అదే వాడమని నేనూ చెబుతాను. కానీ చార్జిషీటు కాపీలు, భూమి కాగితాలు, వైద్య నివేదికలు ఇవాళ్టికీ మెయిల్‌లోనే నడుస్తున్నాయి. మెయిల్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముఖపరిచయం లేని మనిషి తన ఫోన్ నంబరు బయటపెట్టకుండా మీకు రాయగల దారి అది. జిల్లా ఆఫీసులో పనిచేసే గుమాస్తా ఒక అన్యాయం చూశాడు, పత్రికకు చెప్పాలి. భర్త చేతిలో ఫోన్ చిక్కుకున్న ఆడమనిషి ఎక్కడో ఇంకో కంప్యూటర్ ముందు కూర్చుని లాయరుకు రాయాలి. వాళ్లు మన క్లాసుకు రాలేరు. వాళ్లు రాయబోయే మనిషి వచ్చి తాళం సిద్ధం చేసి ఉంచాలి.

మాస్టారు ఆ రోజు కీ తయారుచేసుకున్నారు. ఆయన మొదట ఫింగర్‌ప్రింట్ చదివి వినిపించింది ఆ అడ్వకేటుకే. తర్వాత తన పాత శిష్యులందరికీ పబ్లిక్ కీ పంపించారు.

ఈ కాలమ్ చదివే విలేఖరులకు, న్యాయవాదులకు, డాక్టర్లకు, హెల్ప్‌లైన్లు నడిపేవారికి, కార్మిక సంఘాల వారికి నా మనవి ఒక్కటే. ఈ నెలలోనే కీ తయారుచేసుకోండి. దాని ఫింగర్‌ప్రింట్‌ను విజిటింగ్ కార్డు మీద, ఆఫీసు బోర్డు మీద, మీ పేరు కింద అచ్చు వేయించండి. ఒక్కరే కూర్చోవద్దు, మీకు తరచూ రాసే మనిషినొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక మధ్యాహ్నం, రెండు లాప్‌టాప్‌లు, రెండు పెన్‌డ్రైవ్‌లు చాలు.