పక్కటెముకల కింది గాటు

శస్త్రచికిత్స సాధారణంగా రోగిలోని రోగాన్ని తీసివేయడానికో, చెడిన భాగాన్ని బాగు చేయడానికో జరుగుతుంది. బతికున్న దాత నుంచి తీసుకునే మూత్రపిండ మార్పిడిలో మాత్రం రెండు ఆపరేషన్లు జంటగా సాగుతాయి, వాటిలో మొదటిది ఏ జబ్బూ లేని మనిషికి చేస్తారు. కొత్త మూత్రపిండాన్ని గ్రహీత పొత్తికడుపులో ఒక పక్కన, తరచు కుడివైపున, కాలికి దిగే పెద్ద ధమనికీ సిరకూ వెంట్రుకంత సన్నని దారంతో కుట్టి అమరుస్తారు. పాడైన పాతవాటిని సాధారణంగా కదిలించరు గనుక ఆ దేహంలో ఆపై మూడు మూత్రపిండాలుంటాయి. బిగించిన క్లాంపులు వదలగానే, అంతవరకు మంచులో పాలిపోయి ఉన్న అవయవం రక్తం పోసుకుని ఎర్రబారుతుంది, తరచు బల్ల మీదనే మూత్రనాళం కొస నుంచి చుక్కలు రాలతాయి. ఆ నాళాన్ని మూత్రాశయపు గోడలో కొంతమేర ఏటవాలుగా దూర్చి కుడతారు. మూత్రాశయం నిండినప్పుడు ఆ ఒత్తిడికే నాళం మూసుకుని మూత్రం వెనక్కి ఎక్కకుండా ఉంటుంది. 1954లో బోస్టన్‌లో శస్త్రవైద్యుడు జోసెఫ్ మర్రే ఒకే పోలిక కవలల మధ్య సాధించిన ఈ విద్యలో నేర్పంతా గ్రహీత పక్షాన కనిపిస్తుంది, పుస్తకాలూ గ్రహీత గురించే ఎక్కువ చెబుతాయి.

దాత సంగతికి వస్తే పల్నాడు గుర్తుకు రాక తప్పదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ప్రాంతంలో అప్పుల్లో కూరుకున్న రైతులు మూత్రపిండాలు అమ్ముకున్న సంగతి 2000 ప్రాంతంలో పత్రికలకెక్కింది. అవయవాల అమ్మకాన్ని నేరంగా ప్రకటించిన కేంద్ర చట్టం 1994లోనే వచ్చింది, ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టమూ చేసుకుంది. దగ్గరి బంధువు కాని దాత గ్రహీత మీది ఆప్యాయతతో, అనుబంధంతో ఇస్తున్నానని అనుమతి కమిటీని ఒప్పించాలన్నది నియమం. పురుగుమందుల కొట్టులో పెరిగిన బాకీ ఏ కమిటీ కాగితంలోనూ కనబడదు.

కడుపుకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా సాయంతో దాత మూత్రపిండాన్ని తీసే లాపరోస్కోపీ పద్ధతి అమెరికాలో మొదలైంది 1995లోనే. అంతకుముందు, ఆ తరువాత చాలాకాలం కూడా, దాతకు చివరి పక్కటెముక వెంబడి నడుము మీదికి జానెడు గాటు పెట్టి, కండరాలను పొరలు పొరలుగా కోసేవారు. మిగిలిన మూత్రపిండం కాస్త పెరిగి రెండోదాని పనిలో చాలా భాగం మోస్తుంది, కోసిన కండరం మాత్రం కోలుకోవడానికి నెలలు తీసుకుంటుంది, అందాకా బరువులెత్తవద్దని వైద్యులు చెబుతారు. పత్తికీ మిరపకూ మందు కొట్టే రైతు వీపుకు తగిలించుకునే పంపులో 16 లీటర్ల నీళ్లు పడతాయి, నడిచినంతసేపూ దాని అడుగు అంచు ఆ గాటు దగ్గరే ఒరుసుకుంటుంది.