రివెట్టు నేర్పిన చిత్రము

1941వ సంవత్సరమున, అమెరికా యింకను యుద్ధమున దిగకముందే, వాల్ట్ డిస్నీ చిత్రశాలవారు లాక్‌హీడ్ విమాన కర్మాగారము కొఱకు ఒక చిన్న చిత్రమును తయారుచేసిరి. దానిపేరు ‘ఫోర్ మెథడ్స్ ఆఫ్ ఫ్లష్ రివెటింగ్’. విమానపు రేకులను కలిపి బిగించు రివెట్టుల తలలు పైకి పొడుచుకొని రాకుండ, రేకుతో సమముగా నణగియుండునట్లు కొట్టుటకు నాలుగు పద్ధతులు కలవనియు, రేకుల మందమునుబట్టి ఏ పద్ధతి యెక్కడ వాడవలయునో తెలియవలెననియు చెప్పుట తప్ప ఆ చిత్రమునకు వేఱుకథ లేదు. ఎలుక లేదు, బాతు లేదు, పాట లేదు, హాస్యము లేదు. ఒక రంధ్రము, ఒక పనిముట్టు, రేకును నిలువున కోసి లోపల జరుగునది చూపు బొమ్మ, తొందరపడక చెప్పు కంఠము: ఇంతియే. అయినను మేము దానిని రెండుమాఱులు చూచితిమి. జన్మమున సుత్తి పట్టని మాకును రెండవమాఱు ముగియునప్పటికి ఆ పని కొంత పట్టుపడినట్లే తోచినది.

అనంతపురపు మెట్టపొలముల నడుమ కూర్చుండి ఈ విమానపు రేకుల ముచ్చట యేలయని చదువరులు అడుగుదురు గాక. మాకు ఆ చిత్రము చూచుచుండగా వచ్చిన అసూయయే ఈ వ్యాసమునకు కారణము. చదువుకు నోచుకొనని మనుష్యునికి ఒక పనిని తప్పులేకుండ నేర్పుటకు బొమ్మను మించిన గురువు లేడని యుద్ధశాఖలకు ఎన్నడో తెలిసినది. ఆ గురువు మన కరవుసీమకు ఏల రాలేదు? వచ్చినప్పుడు చేతులు కట్టుకొని ఉపన్యాసమిచ్చి ఏల పోయినాడు?

ఈ విద్య రెండవ యుద్ధముతో పుట్టినది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలముననే బ్రే చిత్రశాలలో పనిచేయు మాక్స్ ఫ్లైషర్‌ను ఓక్లహామా రాష్ట్రమందలి ఫోర్ట్ సిల్ అను సైనికస్థావరమునకు పంపి, పటములోని ఎత్తుపల్లముల గీతలను చదువుట, స్టోక్స్ మోర్టారును నడుపుట, లూయిస్ మరతుపాకిని కాల్చుట మొదలగు విషయములపై చిత్రములు తీయించిరి. తరువాత బెట్టీ బూప్‌ను లోకమున కిచ్చినవాడు ఇతడే. నవ్వించు నేర్పును పని నేర్పు నేర్పును ఒకే చేతిలో నుండుట గమనింపదగినది.

1942లో కెనడా జాతీయ చిత్రసంస్థ కొఱకు డిస్నీవారే తీసిన ‘స్టాప్ దట్ ట్యాంక్!’ అను చిత్రమున ఆ రెండును పక్కపక్కన కనిపించును. శత్రుశకటములను కొట్టు బాయ్స్ తుపాకిని గూర్చినదది. మొదటి కొన్ని నిమిషములలో హిట్లరు బొమ్మ ట్యాంకులో నెక్కి కేకలువేయుచు నవ్వుల పాలగును. మా యభిప్రాయమున ఆ భాగము నేడు పాతబడినది. శత్రువును వెఱ్ఱివానిగా చూపిన చిత్రము చూచువానికి ధైర్యము నిచ్చునేమో గాని జ్ఞానము నీయదు. ఆ నవ్వు ముగిసి తుపాకి విప్పి లోపలిభాగములను బొమ్మలుగా చూపుట మొదలైన క్షణమునుండి చిత్రము ఈనాటిదివలె నుండును. గుండు ఎటు పోవును, మీట వెనుకకు లాగినప్పుడు లోపల ఏమి కదలును, శుభ్రముచేయక పోయిన నేమగును అనువానిని చూపునప్పుడు దర్శకుడు మనలను మెచ్చుకొనడు, తిట్టడు, ఉద్బోధింపడు. మన కన్ను ఎక్కడ తడబడునో ముందుగా నెఱిగి అక్కడ నిలుచును.

గృహిణుల కొఱకు నిట్టిది యొకటి వచ్చినది. అదే సంవత్సరమున ‘అవుట్ ఆఫ్ ది ఫ్రయింగ్ పాన్ ఇంటు ది ఫైరింగ్ లైన్’ అను చిత్రమున మిన్నీ మౌస్ పెనములో మిగిలిన కొవ్వును పాఱబోయబోగా, దానినుండి గ్లిసరిను, గ్లిసరినునుండి ప్రేలుడు పదార్థము వచ్చునని ఆమెకు తెలుపుదురు. శాకాహారులైన మన యింటివారికి ఆ వంటయిల్లు రుచింపకపోవచ్చును. అయినను వడగట్టుట, డబ్బాలో పోయుట, చల్లనిచోట నుంచుట, మాంసపు దుకాణమున కిచ్చుట అని వరుస తప్పక చెప్పిన తీరు చూడుడు. దేశభక్తిని గూర్చి గంట చెప్పి డబ్బా సంగతి మఱచు ఉపన్యాసకులు మనలో నెందఱు లేరు?

ఇచ్చట ఒక ఆక్షేపణకు తావున్నది. మనుష్యుని చంపుట నేర్పు చిత్రములను మెచ్చుకొనుట అహింసను నమ్మిన యిండ్లకు తగునా? ఈ ప్రశ్న మాకును ముల్లువలె గ్రుచ్చుకొన్నది. తుపాకిని గూర్చిన చిత్రము ‘ఎట్లు’ అనుదానిని నూటికి నూఱుపాళ్లు చెప్పి ‘ఏల’ అనుదానిని ఊసెత్తదు. అది దాని శక్తి, అదియే దాని పాపము. ఈ లోపమును కొంత దిద్దినది థొరాల్డ్ డికిన్సన్ 1942లో ఇంగ్లండున తీసిన ‘ది నెక్స్ట్ ఆఫ్ కిన్’. సైనికులు నోరుజాఱరాదని నేర్పుటకు యుద్ధకార్యాలయము చిన్న శిక్షణచిత్రముగా తలపెట్టగా అది పెరిగి పూర్తి కథాచిత్రమై ప్రజలకును ప్రదర్శింపబడినది. ఫ్రాన్సు తీరముపై జరుగబోవు దాడిని గూర్చిన చిన్నచిన్న మాటలు ఒకరినుండి యొకరికి జాఱి గూఢచారుల చేతిలో పూర్తిచిత్రమగును. దాడి సాగును గాని ప్రాణములు విరివిగా పోవును. అందలి తప్పు చేసినవారు దుర్మార్గులు కారు, మనవంటివారు. చివర గూఢచారి పట్టుపడడు, రైలుపెట్టెలో కూర్చుండి ఇంకను వినుచునే యుండును. చూచినవాడు తన నాలుకను తానే తడుముకొనును. తప్పుయొక్క ఫలమును దాచకపోవుట ఈ చిత్రమునకు ప్రాణము.

ఇక మన దేశమునకు వత్తము. 1940లో భారతప్రభుత్వము ఫిలిం అడ్వైజరీ బోర్డును నెలకొల్పినది. 1943లో దాని స్థానమున ‘ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ ఆఫ్ ఇండియా’ వచ్చినది. ఇంగ్లీషు, హిందూస్థానీ, బెంగాలీ, తమిళములతోపాటు తెలుగులోను వ్యాఖ్యానములు చేర్చి ఈ చిత్రములను పంపుచుండిరి. ప్రతి ప్రదర్శనశాలయు ప్రభుత్వ మంగీకరించిన చిత్రములను తప్పక ప్రదర్శింపవలెనని 1943లో భారతరక్షణ నిబంధనలకింద శాసించిరి. ముడిఫిలిము కొఱతచే 1942లో కథాచిత్రముల నిడివి 11,000 అడుగులకు మించరాదని కట్టడిచేసిన ప్రభుత్వమే, తన మాట వినిపించుటకు ఆ ఫిలిమును వెచ్చించినది.

ఆ మాటలోనున్న దేమి? సైన్యముయొక్క గొప్పతనము, కర్మాగారముల ఉత్పత్తి, ప్రజల కర్తవ్యము. అవి పని నేర్పు చిత్రములు కావు, మనస్సు త్రిప్పు చిత్రములు. పల్లెనుండి సైన్యమున చేరిన తెలుగువానికి శిక్షణభాష రోమన్ లిపిలో వ్రాసిన హిందూస్థానీ. తుపాకి భాగముల పేర్లు నేర్చుటకు ముందు వాడొక భాషను నేర్వవలసివచ్చెను. ఊరిలో మిగిలిన వాని తండ్రికి తెలుగు వ్యాఖ్యానము దొరకెను గాని అందులో నేర్చుకొనుటకు పనియే లేకపోయెను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినవి. యుద్ధము తెలుగుగడపకే వచ్చినది. బోధన మాత్రము గడప దాటి లోపలికి రాలేదు. 1946లో ఆ సంస్థ మూతపడినది. 1948లో ఫిలిమ్స్ డివిజన్ పుట్టినది. పాలకులు మాఱిరి, నిర్బంధప్రదర్శన నిలిచినది, కంఠమున ఆ పూర్వపు గాంభీర్యమును నిలిచినది.

యుద్ధమునకు ముందు తెలుగువారికి వేఱొక పాఠము సిద్ధముగా నుండెనని మఱవరాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘రైతుబిడ్డ’ తీసిరి. అందు రైతు పాత్రను ధరించిన బళ్లారి రాఘవగారు ఈ అనంతపురము జిల్లా తాడిపత్రిలో 1880లో జన్మించినవారు. రైతుకు తన హక్కును గూర్చి చెప్పిన ఆ చిత్రము జమీందారుల యాగ్రహమునకును, నిషేధమునకును గుఱియైనది. ఒకవైపు సముద్రముల కావల కార్మికునికి రివెట్టు నేర్పు చిత్రములకు ప్రోత్సాహము, ఇచ్చట కర్షకునికి ‘ఏల’ అని అడుగ నేర్పిన చిత్రమునకు తాళము. ‘రైతుబిడ్డ’ దుక్కి నేర్పలేదు, నిజమే. ‘ఎట్లు’ అనుదానిని చెప్పు చిత్రమొకటి దానిసరసన నిలిచియుండిన ఆ జత పూర్ణమై యుండెడిది.

స్వాతంత్ర్యానంతరము ప్రయత్నములు జరుగకపోలేదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ‘సైట్’ అను పేర అమెరికావారి ఉపగ్రహము సాయమున ఆంధ్ర, కర్ణాటకములు మొదలగు ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన పాఠములు పంపిరి. నేడు ప్రతి చేతిలోను ఫోనున్నది, వ్యవసాయచిత్రములకు కొదవలేదు. మేము చూచిన వానిలో పెక్కింటి నడక యొక్కటే. ముందు సంగీతము, పిదప ఆకాశమునుండి తీసిన పచ్చనిపొలము, అటుపిమ్మట బల్లవెనుక కూర్చున్న నిపుణుడు. రైతు చివర వచ్చి ‘చాల లాభము కలిగినది’ అని చెప్పిపోవును. చేతులు కనబడవు, మట్టి కనబడదు. తప్పుచేసిన రైతు అసలే కనబడడు!

మా జిల్లాసంగతి యెట్టిదనగా, సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదనుకు పడునను నమ్మకము లేదు. లోతులేని ఎఱ్ఱనేల, దానిపై వేరుశనగ. పూత వచ్చిన పిమ్మట మొక్కనుండి ఊడలు దిగి నేలలోనికి చొచ్చుకొనిపోయి అక్కడ కాయగా మాఱును. విత్తిన నలుబదియైదు దినముల తరువాత గుంటక తోలిన ఊడలు తెగును. వాన మొగముచాటు చేసి పైమట్టి గట్టిపడిన ఊడ దిగలేదు. ఎకరమునకు 200 కిలోల జిప్సము ఏ సమయమున వేయవలెనో, ఏల వేయవలెనో ఈ ఊడకే తెలియును. ఈ నాటకమంతయు కంటికి కనబడకుండ నేలలోపల జరుగును. రేకును నిలువున కోసి చూపినట్లు నేలను కోసి చూపిన చిత్రమేది? కదిరిలో వేరుశనగపై పరిశోధనాస్థానమున్నది, శాస్త్రజ్ఞులున్నారు. బొమ్మలు గీయగల యువకులకును తెలుగునాట లోటులేదు. లేనిది భయము. తన చిత్రము సరిగా అర్థము కానిచో విమానము కూలునని 1941లో రివెట్టుచిత్రము తీసినవాడు భయపడినాడు. మన వ్యవసాయచిత్రము తీయువాడు ఎవనికొఱకు భయపడును? ఇచ్చట పంటతప్పి, అప్పుపెరిగి, పురుగులమందు త్రాగి ప్రాణములు విడిచినవారి యిండ్లు ఏ మండలమున నైనను కనబడును. వానకు, ధరకు, అప్పునకు చిత్రము మందు కాజాలదు, ఒప్పుకొందుము. చేతిలోనున్నదైన చక్కగా చేయనేర్పుట దాని ధర్మము కాదా?

భాష సంగతి యొకటి చెప్పకపోరాదు. చిత్రములలో ‘వేరుశనగ’ అందురు, మా పల్లెలలో ‘చెనిక్కాయ’ అందురు. మేమును ఈ వ్యాసమున వేరుశనగయనియే వ్రాసితిమి, అచ్చులో సిగ్గుపడుట మాకును అలవాటే. ‘రైతు సోదరులారా’ అని సంబోధించుట యింకొక దోషము. గొఱ్ఱు వెనుక నడచుచు జడ్డిగములో గింజలు విడుచునది, కలుపుతీయునది, కాయ కోయునది, ఒలుచునది మా సీమలో ఎక్కువగా స్త్రీ. గింజ యెంత యెడమున పడవలెనో నేర్వవలసిన చెయ్యి ఆమెది. ఆమెను సంబోధింపని చిత్రము తుపాకి పట్టనివానికి తుపాకి నేర్పినట్లున్నది.

ఆశకు తావిచ్చిన పని ఒకటి మాకు తెలియును. 2006 ప్రాంతమున కర్ణాటకమున మొదలై తరువాత ఆంధ్రమునకును వచ్చిన ‘డిజిటల్ గ్రీన్’ వారి పద్ధతిలో నిపుణుడు తెరపై కూర్చుండడు. ఆయా ప్రాంతపు రైతులే తమ పొలములో, తమ మాటలో చేసి చూపగా చిన్నయంత్రముతో చిత్రించి, ఊరిలో పదిమందిని కూర్చుండబెట్టి చిన్న ప్రొజెక్టరుతో ప్రదర్శింతురు. నడుమ ఆపి ప్రశ్న లడుగుటకు ఒక మనిషి యుండును. ఈ చిత్రములు అందముగా నుండవు. వెలుతురు కుదరదు, గాలి చప్పుడు మాటను మ్రింగును, కొన్నిటిలో చెప్పవలసినది చివరకు వచ్చును. నేలలోపలి బొమ్మ వీనిలోను లేదు. ఆ బొమ్మ గీయు చేయి దీనికి తోడైన బాగుండునని మా కోరిక. అయినను ఆ పని చేసినవారు చెప్పు నొక సంగతి మాకు మిక్కిలి నచ్చినది. చిత్రము చూచిన పల్లెవారు మొదట అడుగునది ఎరువు పేరు కాదట, దిగుబడి లెక్క కాదట. తెరపై కనబడిన ఆ రైతు పేరేమి, ఆయనది ఏ ఊరు అని.