ఏ ఇంజిన్?

రెండు ఇంజిన్ల ప్రయాణికుల విమానం ఒక్క ఇంజిన్‌తోనూ ఎగరగలదు, క్షేమంగా దిగగలదు. టేకాఫ్‌లో నిర్ణయ వేగం దాటాక ఒకటి చెడినా, రెండోదాని బలంతోనే నేల విడిచేలా దాన్ని తయారు చేస్తారు. కాబట్టి ఇంజిన్ చెడగానే పైలట్ల మొదటి పని విమానాన్ని నిలకడగా నడపడం. బలం ఒకవైపే ఉండటంతో విమానం ముక్కు చెడిన ఇంజిన్ వైపు తిరుగుతుంది. రడ్డర్ పెడల్ తొక్కి సరిచేయాలి. కనీసం 400 అడుగుల ఎత్తుకు చేరేదాకా ఇంజిన్ జోలికి పోకపోవడం చాలాచోట్ల ఆనవాయితీ.

ఆ తర్వాత చెడింది ఏదో, ఎలా చెడిందో తేల్చుకోవాలి. కంప్రెసర్‌లో గాలి ప్రవాహం దెబ్బతింటే తుపాకీ పేలినట్టు చప్పుళ్లు వస్తాయి, ఇంజిన్ వెనక మంటలు ఎగుస్తాయి. చూడ్డానికి భయంకరమే గానీ, థ్రాటిల్ తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. మంట ఆరి ఆగిపోయిన ఇంజిన్‌ను తిరిగి వెలిగించవచ్చు. లోపలి భాగాలు విరిగినట్టు తెలిస్తే మాత్రం ఆ ప్రయత్నం కూడదు. ఫ్యాన్ వేగం, వెలువడే వాయువుల వేడి, ఆయిల్, కంపనం చూపే మీటర్లన్నీ కలిపి చదివితేనే నిజం తెలుస్తుంది.

ఒంటికి తెలిసినదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర తెలిసింది. 1989 జనవరి 8న లండన్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు 126 మందితో వెళ్తున్న బోయింగ్ 737-400లో, 28 వేల అడుగులు దాటాక, ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు ఒకటి విరిగింది. విమానం వణికింది, కాక్‌పిట్‌లోకి పొగ వచ్చింది. ఏ ఇంజిన్ అని కెప్టెన్ అడిగితే, కో-పైలట్ ఎడమ అనబోయి కుడి అన్నాడు. పాత 737లలో క్యాబిన్‌కు గాలి ఎక్కువగా కుడి ఇంజిన్ నుంచే వచ్చేది కనుక కెప్టెన్‌కూ అదే నిజమనిపించింది. కుడి థ్రాటిల్ తగ్గించగానే చప్పుడు తగ్గింది. నిజానికి ఆటోథ్రాటిల్ తీసేయడంతో ఎడమ ఇంజిన్‌కు అదనపు ఇంధనం అందడం ఆగి, అదే తాత్కాలికంగా కుదుటపడింది. బాగున్న కుడి ఇంజిన్‌ను ఆపేశారు. ఎడమ ఇంజిన్ కంపనం చూపే చిన్న మీటరు పైకొసకు చేరినా వాళ్ల లెక్కలోకి రాలేదు.

కాసేపటికి కెప్టెన్ జరిగిందంతా మళ్లీ సరిచూసుకోబోయాడు. అంతలో రేడియోలో పిలుపు వచ్చి ఆ పని మధ్యలోనే ఆగింది. ఈ కథలో అన్నిటికన్నా కలచివేసే ఘట్టం అదే. ఈస్ట్ మిడ్‌లాండ్స్ రన్‌వేకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఎడమ ఇంజిన్ చచ్చుబడింది. విమానం ఎం1 హైవే గట్టును ఢీకొంది. 47 మంది చనిపోయారు.

అందుకే ఇంజిన్‌ను ఆపే పని ఒక్కరి చేతిలో ఉండకూడదు. ఒక పైలట్ లీవర్ మీద చెయ్యి వేసి, కదపకుండా, ఏ ఇంజినో పైకి చెబుతాడు. రెండో పైలట్ ఆ చేతినీ మీటర్లనూ చూసి ఔనన్నాకే లీవర్ కదులుతుంది. ఇంధనం కట్టేసేటప్పుడూ, ఫైర్ హ్యాండిల్ లాగేటప్పుడూ మళ్లీ ఇదే వరస. ఇది కాలయాపన కాదు, ఈ విద్యకు ప్రాణం. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ విమానంలో ఈ క్రమం తప్పింది. కుడివైపు చెడితే ఎడమ ఇంజిన్‌ను ఆపేశారు, 43 మంది పోయారు.

ఇంజిన్ ఆపాక చెక్‌లిస్ట్ చదువుతారు, కంట్రోల్‌కు మేడే చెబుతారు, ఒక్క ఇంజిన్ నిలపగలిగే ఎత్తుకు దిగి దగ్గర్లోని అనువైన విమానాశ్రయానికి మళ్లుతారు. క్యాబిన్‌తో మాట్లాడటం ఇందులో తప్పనిసరి భాగం. కెగ్‌వర్త్ విమానంలో కెప్టెన్ మైకులో కుడి ఇంజిన్ అన్నాడు. ఎడమవైపు మంటలు చూసినవాళ్లు వెనక ఉన్నా ఆ సంగతి కాక్‌పిట్‌కు చేరలేదు. పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ కలిపి శిక్షణ ఇవ్వాలని దర్యాప్తు నివేదిక సిఫార్సు చేసింది.