ఒకే చోట రెండు పరుగులు

పుట్టినరోజు పేరు చెప్పి వచ్చే వీడియో గేమ్‌లను కాస్త అనుమానంగా చూడడమే మంచిది. పాత బాణీలకు కొత్త వాయిద్యాలు చేర్చి, పాత బొమ్మలకు రంగులద్ది, చిన్నప్పుడు ఆడినవాళ్ళ జేబులోంచి మరోసారి డబ్బు తీయించడమే వాటిలో చాలావాటి పని. 2011 నవంబరులో సెగా విడుదల చేసిన 'సోనిక్ జనరేషన్స్' పుట్టింది కూడా అలాంటి సందర్భంలోనే. సోనిక్ అనే పరుగుల వీరుడి తొలి గేమ్ 1991 జూన్ 23న వచ్చింది. దానికి ఇరవై ఏళ్ళు నిండిన వేడుక ఇది. వేడుకే కదా అని పక్కన పెట్టేస్తే మాత్రం అందులోని అసలు పనితనం కంటపడదు. పాత గేమ్‌ల నుంచి తొమ్మిది చోట్లను ఎంచుకుని, ఒక్కోదాన్ని రెండేసిసార్లు కట్టారు. మొదటి అంకంలో తొలినాళ్ళ పొట్టి, బొద్దు సోనిక్ పక్కవాటుగా కనిపించే తెర మీద ఎడమ నుంచి కుడికి పరిగెడతాడు. రెండో అంకంలో పొడుగు కాళ్ళ కొత్త సోనిక్ అదే చోట మనకు వీపు చూపిస్తూ తెర లోతుల్లోకి దూసుకుపోతాడు. బాణీ ఒకటే, దాని కూర్పులు రెండు. ఒక సంప్రదాయం తన రెండు వయసులను ఇలా పక్కపక్కన నిలబెట్టి, మీరే చూసుకోండి అని ఆటగాడి చేతికివ్వడం అరుదు. ఈ గేమ్ విలువంతా ఆ పోలికలోనే ఉందనీ, జ్ఞాపకాల పాత్ర అందులో చాలా తక్కువనీ నా వాదన.

పోల్చాలంటే ముందు పాత పద్ధతి ఎలా పనిచేసేదో తెలియాలి. యూజీ నాకా ప్రోగ్రాం రాసి, నవోతో ఓషిమా బొమ్మ గీసి, హిరోకాజు యసుహారా లెవెళ్ళు కూర్చిన ఆ మొదటి గేమ్‌లో కంట్రోలర్ మీదున్న మూడు బటన్లూ చేసేది ఒకటే పని, దూకడం. వేగానికంటూ బటనేమీ లేదు. వేగం నేల ఇవ్వాలి. ఎగువకు పరిగెడితే అడుగు బరువెక్కుతుంది, దిగువకు పరిగెడితే తేలికవుతుంది, దిగువలో ఉండలా ముడుచుకుని దొర్లితే ఇంకా పుంజుకుంటుంది. దిగుడులో తొక్కకుండా వదిలేసిన సైకిలు ఆ ఊపుతోనే ఎదుటి మెట్టను ఎక్కేసినట్టు, సోనిక్ కూడా వాలులో కూడబెట్టుకున్న వేగాన్ని తర్వాత ఎదురయ్యే నిలువు చుట్టులో, అంటే లూప్‌లో, ఖర్చుపెడతాడు. ఊపు చాలకపోతే లూప్ సగంలోనే వెనక్కి జారిపోతాడు. అందుకే ఆ లెవెళ్ళు అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. దారి తెలిసినవాడు పై అంతస్తులో వేగంగా సాగిపోతాడు, తడబడినవాడు కింది అంతస్తుకు పడి ముళ్ళ మధ్య, కదిలే దిమ్మెల మధ్య నిదానంగా నడుస్తాడు. ఓడిపోయినట్టు కాదు, ఆలస్యమైనట్టు. వేగం ఆ గేమ్‌లో దారి చదవడం వచ్చినవాడికి దక్కే జీతం.

కొత్త పద్ధతి ఈ లెక్కను తలకిందులు చేసింది. 2005లో 'సోనిక్ రష్'తో మొదలై, 2008 నాటి 'సోనిక్ అన్‌లీష్డ్'లో మూడు కొలతల ప్రపంచంలోకి వచ్చిన బూస్ట్ అనే సదుపాయంతో, బటన్ నొక్కిన క్షణంలోనే గరిష్ఠ వేగం వచ్చేస్తుంది. దారిలో రింగులు ఏరుకుంటూ, గాలిలో విన్యాసాలు చేస్తూ ఉంటే దానికి కావలసిన శక్తి నిండుతుంది. ఎదురైన శత్రువులు ముట్టుకోగానే ఎగిరిపోతారు. ఇంకేముంది, బటన్ నొక్కి కూర్చుంటే చాలు కదా అని చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. మొదటిసారి ఆడినప్పుడు ఆ మాట నిజమే అనిపిస్తుంది కూడా. కానీ బూస్ట్ ఊరికే రాదు, ఆలోచించే వ్యవధిని కోసుకుని వస్తుంది. ఎదుట అడ్డం కనబడడానికీ దానికి గుద్దుకోవడానికీ మధ్య కళ్ళార్పేంత సమయం కూడా మిగలదు. భుజం బటన్లతో ఒక వరస నుంచి పక్క వరసకు గెంతాలి, మలుపులో జారుతూ తిరగాలి, తక్కువ ఎత్తున్న సందులో నేలకు ఆని దూరాలి, గాలిలో గురిచూసి శత్రువు మీద నుంచి శత్రువు మీదికి దాటాలి. వీటిలో ఏది ఎక్కడ వాడాలో, అంతకంటే ముఖ్యంగా బటన్ ఎక్కడ వదిలేయాలో తెలిసినవాడికే మంచి టైమ్ వస్తుంది. పాత సోనిక్ ఆటగాణ్ణి వేగం కోసం వెతికిస్తాడు, కొత్త సోనిక్ వేగాన్ని ముందే చేతిలో పెట్టి దాన్ని అదుపు చేయమంటాడు. ఇవి ఒకే విద్యలో పై మెట్టూ కింది మెట్టూ కావు. రెండు వేర్వేరు విద్యలు.

ఇంత మాట ధైర్యంగా అనగలుగుతున్నామంటే కారణం, రెంటికీ చోటు ఒకటే కావడం. 'సిటీ ఎస్కేప్' చూడండి. 2001 నాటి 'సోనిక్ అడ్వెంచర్ 2' నుంచి తెచ్చిన కొండవాలు నగరం అది. కొత్త సోనిక్ రేకు పలక మీద నిలబడి ఏటవాలు వీధుల్లో కార్ల మధ్యగా జారుకుంటూ వస్తాడు. చివర్లో రంపాలు బిగించిన ఓ మహా లారీ వెంటపడుతుంది, గోడల మీదికి కూడా ఎక్కేస్తుంది. కెమెరా సోనిక్‌కు ఎదురుగా తిరగడంతో వెనక నుంచి మీదికొస్తున్న లారీయే మనకు కనబడుతుంది, ముందున్న దారి కనబడదు. అదే లారీ పాత సోనిక్ అంకంలో మరోలా వస్తుంది. అక్కడ పక్కవాటు తెరే కాబట్టి వెనక నుంచి తరమడమొక్కటే చాలదు. తెర లోతులో ఉన్న వీధుల్లోంచి అడ్డంగా చొచ్చుకొచ్చి మనం నడిచే దారినే బద్దలు కొడుతుంది. భయం అదే, కారణమూ అదే, దాన్ని కలిగించే యుక్తి మాత్రం వేరు. రెండు అంకాలూ వరసగా ఆడినవాడికి కెమెరా ఎక్కడుందన్నదే లెవెల్‌ను ఎంత మార్చేస్తుందో ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. 'క్రైసిస్ సిటీ' సంగతి ఇంకా ఆసక్తికరం. 2006లో వచ్చి, లోపాలతో నవ్వులపాలైన గేమ్‌లోని తగలబడుతున్న నగరమది. వేడుకలో దాన్ని తలుచుకోకపోయినా ఎవరూ నిలదీసేవారు కాదు. వీళ్ళు దాన్నే మళ్ళీ కట్టి, పాత సోనిక్ అంకం చివర్లో సుడిగాలి గమ్యపు బోర్డును కూడా ఎగరేసుకుపోయేటట్టు చేసి, దాని వెంట పరిగెత్తించారు. అప్పటి తప్పు ఆ చోటులో లేదనీ, కట్టిన తీరులోనే ఉందనీ చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉంటుందా?

ఇదంతా పాత జ్ఞాపకాల మహిమే, తెలియనివాడికి ఇందులో ఏముంది అన్నది మరో అభ్యంతరం. దీనికి జవాబు చెప్పడానికి తెలుగు ఆటగాళ్ళకు మించిన సాక్షులు లేరు. తొంభైల్లో మన ఇళ్ళలో టీవీకి తగిలించుకున్న చవక గేమ్ పెట్టెల్లో మారియో ఉండేవాడు, తుపాకులు పట్టుకుని పరిగెత్తే 'కాంట్రా' ఉండేది. సోనిక్ నడిచే సెగా మెగా డ్రైవ్ కొన్నవాళ్ళు బహుతక్కువ. 2020లో సినిమా వచ్చాకే చాలామందికి సోనిక్ పేరు పరిచయమైంది. అంటే మనలో ఎక్కువమందికి ఈ గేమ్‌లోని పచ్చటి కొండలు, గళ్ళ గళ్ళ మట్టిగోడలు ఏ బాల్యాన్నీ గుర్తుచేయవు. అయినా ఒక అంకం ఆడి రెండోది మొదలుపెట్టిన ఐదు నిమిషాల్లో ఇందాకటి చోటే కదా ఇది అని గుర్తుపట్టడానికి బాల్యం అక్కర్లేదు. పోల్చడానికి కావలసిన జ్ఞాపకాన్ని గేమ్ తానే అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తుంది.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని తోసిపుచ్చలేం. ఇందులోని పాత సోనిక్ అసలు పాత సోనిక్ కాడు. నిలబడిన చోటే గిర్రున తిరిగి దూసుకుపోయే స్పిన్ డాష్ 1992లో రెండో గేమ్‌తో వచ్చింది. ఆగిపోయినవాడు మళ్ళీ అందుకోవడానికి అదొక ఆసరా. ఇక్కడ దాన్ని ఎంత బలంగా చేశారంటే, తటాలున కొట్టి వదిలినా దాదాపు పూర్తి వేగం వచ్చేస్తుంది. వాలును నమ్ముకోవలసిన అవసరం చాలాచోట్ల తీరిపోతుంది. వేరే మాటల్లో, పాత సోనిక్‌కు దొంగదారిన ఒక బూస్ట్ బటన్ ఇచ్చేశారు. నా వాదనకు ఇది నిజంగానే దెబ్బ. 2017లో క్రిస్టియన్ వైట్‌హెడ్ తదితరులు చేసిన 'సోనిక్ మేనియా' ఆ పాత బరువునూ జారునూ ఎంత కచ్చితంగా పట్టుకోవచ్చో చూపించాక ఈ లోపం మరింత కనిపిస్తుంది. అయినా కదలికలో పోయింది కూర్పులో చాలావరకు నిలిచింది. అంతస్తుల దారులు, పడితే కిందకు చేర్చే పద్ధతి, ఆగి ఆలోచించి దూకవలసిన చోట్లు అలాగే ఉన్నాయి. స్పిన్ డాష్ ముట్టుకోనని పట్టుబట్టి ఒకసారి ఆడితే తేడా తెలుస్తుంది. కథ పలచనని, మొత్తం గేమ్ త్వరగా అయిపోతుందని అన్నవాళ్ళతో పేచీ లేదు. ఆఖరి పోరాటమైతే విసుగు. సోనిక్ స్నేహితులందరూ చెప్పిన సలహానే మళ్ళీ మళ్ళీ అరుస్తుంటే శత్రువు కంటే వాళ్ళ మీదే కోపం వస్తుంది.

పాతనూ కొత్తనూ కలిపితే చాలు, విలువ దానంతటదే వస్తుందనుకుంటే 2017 నాటి 'సోనిక్ ఫోర్సెస్' వైపు చూడాలి. అందులోనూ ఇద్దరు సోనిక్‌లున్నారు, వాళ్ళతోపాటు ఆటగాడు సొంతంగా తయారుచేసుకునే మూడో పాత్ర కూడా ఉంది. కానీ ఇద్దరు సోనిక్‌లకూ ఎవరి స్టేజీలు వాళ్ళవి, పైగా పొట్టివి. ఒకే స్టేజీని ఇద్దరికీ ఇచ్చి తేడా చూపడమన్నదే లేకపోవడంతో ఇద్దరూ విడివిడిగా బలహీనంగా కనిపించారు. 2024లో 'జనరేషన్స్' మళ్ళీ వచ్చినప్పుడు రెండు మార్పులు గమనించదగ్గవి. ఒకటి, పాత సోనిక్‌కు డ్రాప్ డాష్ ఇచ్చారు. గాలిలోంచి నేల తాకీ తాకగానే దొర్లుకుంటూ సాగిపోయే ఈ ఎత్తు తొంభైల్లో లేనే లేదు, 'మేనియా' కోసం పుట్టింది. పాతకాలపు పద్ధతి అంటున్నదానిలోకి 2017 నాటి కొత్త పోకడ వచ్చి చేరింది. రెండోది, షాడో అనే పాత్రకు విడిగా ఒక గేమంత కొత్త భాగం జోడించారు. దాని స్టేజీలు నునుపుగా ఉన్నాయి, కొన్ని సోనిక్ స్టేజీల కంటే బాగున్నాయి కూడా. అయితే వాటిని అవే చోట్ల మరో కాలపు పరుగుతో పోల్చి చూసుకునే అవకాశం షాడోకు లేదు.