పందెం బరిలో డమరుకం

పుష్య పున్నమికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వర స్వామి తేరు కదులుతుంది. తేరు చూసిన జనం ఇళ్లకు పోరు. పశువుల సంతకు, ఆ పైన ఎద్దుల బండలాగుడు పందేలకు మళ్లుతారు. ఆదోని, ఆలూరు పల్లెల నుంచే కాదు, సరిహద్దు దాటి కన్నడ ఊళ్ల నుంచీ వస్తారు. పడమటి కర్నూలుకు ఇంతకు మించిన క్రీడోత్సవం లేదని నా నమ్మకం.

పైకి మోటు ఆట. రెండెద్దులు, ఒక రాతిబండ, చేతిలో గడియారం. కానీ లెక్కంతా పళ్ల దగ్గర మొదలవుతుంది. ఎద్దు మూతి ఒడిసిపట్టి, కింది పెదవి వంచి చూస్తారు. పాలపళ్లు ఊడి గట్టిపళ్లు జతలు జతలుగా వస్తాయి కాబట్టి వయసు దాచడం కుదరదు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎంత దూరం జరిగిందో అడుగులు, అంగుళాల్లో కొలుస్తారు. మైకులో రౌండు రౌండుకూ సెకన్లు వినబడుతుంటే జనం వేళ్ల మీద లెక్క కట్టుకుంటారు.

గెలుపు తేలేది మలుపులో. గీత చేరాక జతను వెనక్కి తిప్పాలి. లోపలి ఎద్దు అడుగు కుదించి నిలదొక్కుకోవాలి, బయటిది విశాలంగా చుట్టి రావాలి. కాడి ఒక్క పక్కకు ఒరిగితే బండ ఆగిపోతుంది. కదిలే బండను లాగడం కన్నా ఆగిన బండను కదిలించడానికే ఎక్కువ బలం కావాలి. అందుకే దాపటికీ వలపటికీ ఎత్తు, నడక, ఆఖరికి కోపం కూడా కుదరాలి. ఉలవలు పెట్టి మేపినంత మాత్రాన ఆ పొత్తు రాదు. నెలల తరబడి ఒకే మనిషి గొంతు కింద నడిస్తే వస్తుంది. మంచి తోలరి చెర్నాకోల కన్నా నోటినే ఎక్కువ వాడతాడు. చెర్నాకోల దగ్గరే చట్టం మాటా వస్తుంది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపినా, 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించినా, ప్రశ్న ఒక్కటే: పశువుకు బాధ ఎంత? ముల్లుగర్ర, వాతలు తేలే దెబ్బ ఉన్నచోట పర్యాటకుణ్ణి పిలిచే అర్హత మనకు లేదు.

ఒక జత కాడి విప్పి, బండ సరిచేసి, రెండో జతను కట్టేలోపు కాస్త ఖాళీ దొరుకుతుంది. నా కన్నంతా దాని మీదే. ఆ సందులో సినిమా పాట కాదు, గొరవయ్యలు రావాలి. నల్ల కంబళి, గవ్వల దండలు, ఎలుగుబంటి బొచ్చు టోపీ, నొసట పసుపు బండారు. (చట్టం ఎలుగుబంటిని కాపాడుతోంది కాబట్టి కొత్త టోపీలకు వేరే బొచ్చు చూసుకోవలసిందే.) మణికట్టు తిప్పితే డమరుకం తాళ్ల ముడులు రెండు వైపులా తోలును తాకుతాయి. చప్పుడు అడుగును నడిపిస్తుంది, అడుగు గుండ్రంగా తిరుగుతుంది, తిరిగిన కొద్దీ కంబళి అంచు లేస్తుంది. వీళ్లు మైలార లింగని భక్తులు. ఈ పడమటి కర్నూలులోనే, దసరా రాత్రి దేవరగట్టులో మాళ మల్లేశ్వరుడి కర్రల ఉత్సవానికి దేశమంతా కెమెరాలు తెస్తుంది. తెల్లవారాక వానలు, పత్తి, జొన్న ధరల మీద వినిపించే కార్ణీకానికి, అంటే భవిష్యవాణికి, చెవి ఒగ్గేది మాత్రం రైతులే. కర్రలకు దక్కిన పేరు డమరుకానికీ దక్కాలి. ఒక్క జాగ్రత్త: డమరుకం చప్పుడుకు ఎద్దులు బెదరకుండా గొరవయ్యల ఆట బరికి అవతలి కొసన ఉండాలి. గొరవయ్యకు శాలువా కాదు, తోలరికి ఇచ్చినట్టే డబ్బు ఇవ్వాలి, మైకులో పేరు చదవాలి.

ఆటలో కళను కలపడం కొత్తేమీ కాదు. 1912 నుంచి 1948 వరకు ఒలింపిక్స్‌లో సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, వాస్తుకళలకూ పతకాలిచ్చారు. తర్వాత ఆపేశారు. నాకు పోటీ అక్కర్లేదు, చోటు చాలు.

శాలువా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఎమ్మిగనూరు నేత ఊరు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం నిలబెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊళ్లో గెలిచిన రైతు భుజాన ఎక్కడో మిల్లులో తయారైన మెరుపు శాలువా కప్పడం నాకు మింగుడుపడదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి, తొక్కుడు చెక్క నొక్కి, పడుగు రెండుగా విడిపోయిన క్షణంలో నాడెను విసిరి, పలకతో పేకను బిగించే పని బరి పక్కనే చూపించొచ్చు. అక్కడే నేసిన దుప్పటిని అక్కడే బహుమతిగా కప్పొచ్చు. చూసినవాడు రెండు కొనుక్కుంటాడు.

చూసేవాళ్లను రప్పించడం కష్టం కాదు. రాఘవేంద్ర స్వామి దర్శనానికి మంత్రాలయం వచ్చే బస్సులకు ఎమ్మిగనూరు ఎంతో దూరం కాదు. అటు ఆదోనిలో కొండ మీద కోట, 17వ శతాబ్దపు షాహీ జామియా మసీదు, సీజన్లో పత్తి బోరాలతో నిండే మార్కెట్ యార్డు ఉన్నాయి. నన్నడిగితే యార్డులో పత్తి వేలం కూడా చూడదగ్గదే. వీటన్నిటినీ కలిపే దారిపటం ఒకటి బస్టాండులో కావాలి. పున్నమి ఏ రోజో పంచాంగం ఏడాది ముందే చెబుతుంది. పందేల రోజులూ అంత ముందుగా ప్రకటిస్తే, మంత్రాలయంలో గది తీసుకున్న కుటుంబం ఇంకో రోజు ఆగుతుంది.