విన్న ముఖం, చూసిన ముఖం: అమెరికా సంగీత నాటకాలు, అభిమాన చిత్రకారులు

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను రంగస్థలం మీద ఒక్కసారైనా చూడకుండా, గ్రామఫోను రికార్డుల మీద విని పద్యాలు కంఠతా పట్టినవారు తెలుగునాట ఒకప్పుడు ఎందరో ఉండేవారు. వారి మనసులోని కృష్ణుడికి గొంతు ఉంది, రాగం ఉంది. ముఖం మాత్రం ఎవరికి వారు కల్పించుకున్నదే. 1957లో మాయాబజార్ వచ్చాక ఆ స్వేచ్ఛ కుంచించుకుపోయింది. ఎన్.టి. రామారావు ముఖమే కృష్ణుడి ముఖమై క్యాలెండర్ల కెక్కింది. విన్న పాత్రకూ చూసిన పాత్రకూ మధ్యనున్న ఈ భేదం, నేటి అమెరికాలో సంగీత నాటకాల అభిమానులు గీస్తున్న బొమ్మలను అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది.

బ్రాడ్వే నాటకాలు ఆడేది న్యూయార్క్‌లో; టికెట్టు ఖరీదు సామాన్యమైనది కాదు. దూరాన ఉన్న అభిమానికి తరచుగా ముందు చేరేది నాటకం కన్నా నటబృందం పాడిన ఆల్బమ్. భరతుడు చెప్పిన నాలుగు అభినయాలలో వాచికం ఒక్కటే చేతికందుతుంది. ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం చిత్రకారుడే సమకూర్చుకోవాలి. అలా సమకూర్చుకునే క్రమంలో అతడు పాత్రకు వ్యాఖ్యాత అవుతాడు. అతని బొమ్మను పోలిక కోసమే చూస్తే సగమే చూసినట్టు. వ్యాఖ్యానంగా కూడా పరీక్షించాలి.

దీనికి మంచి నిదర్శనం బీ మోర్ చిల్. నెడ్ విజ్జీని నవల ఆధారంగా, జో ఐకోనిస్ సంగీతంతో, 2015లో న్యూజెర్సీ రాష్ట్రం రెడ్ బ్యాంక్‌లోని టూ రివర్ థియేటర్ దానిని ప్రదర్శించింది. కొన్ని వారాలలో ప్రదర్శనలు ముగిశాయి, ఆల్బమ్ మిగిలింది. యువత అంతర్జాలంలో దానిని విని బొమ్మలు గీశారు, పాటలకు వరుస రేఖాచిత్రాలు జోడించి కదిలే కథలు చేశారు. ఆ ఆదరణే నాటకాన్ని 2018లో తిరిగి న్యూయార్క్ రంగస్థలానికీ, 2019 మార్చిలో బ్రాడ్వేలోని లైసియం థియేటర్‌కూ చేర్చింది.

ఇందులో కథానాయకుడు జెరెమీ. కాని అభిమానుల కుంచె తరచుగా వెతుక్కున్నది అతని స్నేహితుడు మైకేల్‌ను. స్నేహితుడు వదిలేస్తే, విందు జరుగుతున్న ఇంట్లో స్నానాలగదిలో తలుపు వేసుకుని ఒంటరిగా మిగిలిన కుర్రవాడు అతడు. ఎర్రని హుడీ, చెవులకు హెడ్‌ఫోన్లు ఆనవాళ్ళు. మంచి బొమ్మలు అక్కడితో ఆగవు. పైకి లేచిన భుజాలు, ఛాతీకి హత్తుకున్న మోకాళ్ళు, అందని ఊపిరి వాటిలో కనబడతాయి. భయం దేహాన్ని ఎలా పట్టుకుంటుందో ఆ చిత్రకారులకు తెలుసు. పాటలో విన్న గొంతు వణుకును వారు వెన్నెముక వంపులోకి మార్చగలిగారు. నాటకం పక్కన నిలబెట్టిన పాత్రను మధ్యకు తెచ్చారు. సద్విమర్శ చేసే పని ఇదే.

హామిల్టన్ విషయం వేరు. లిన్-మాన్యుయెల్ మిరాండా రచించిన ఈ నాటకం 2015 ఆగస్టులో బ్రాడ్వేకు వచ్చింది. తెల్లజాతి దేశస్థాపకుల పాత్రలను ఇందులో ప్రధానంగా నల్లజాతి, లాటినో, ఆసియా మూలాల నటులు ధరించారు. 2020 జూలైలో రంగస్థల ప్రదర్శన చిత్రీకరణ డిస్నీ ప్లస్‌లో విడుదలయ్యేదాకా చాలామందికి ఆల్బమూ కొన్ని ఛాయాచిత్రాలే ఆధారం. పాల్ టాజ్‌వెల్ రూపొందించిన దుస్తుల రంగులు అభిమాన చిత్రాలకు వ్యాకరణమయ్యాయి. మూడు గీతలు గీసి గులాబీ, నీలి ఆకుపచ్చ, పసుపు రంగులు పూస్తే చాలు, వారు స్కైలర్ అక్కచెల్లెళ్ళని చూపరికి తెలిసిపోతుంది. ఊదారంగు కోటు వేస్తే జెఫర్సన్. మన రంగస్థలం మీద నెమలిపింఛమూ గదా చేసే పనే ఇది.

ఆహార్యం ఇంత సులువుగా పట్టుబడితే, దాని వెనుక నటుడి దేహం మరుగున పడే ప్రమాదం ఉంది. దుస్తులు అచ్చంగా దించి, చర్మపు రంగును రెండు ఛాయలు తేలిక చేసిన బొమ్మలు ఉన్నాయి. వాటిపై అభిమానులలోనే వాదాలు జరిగాయి. ఆ వాదం న్యాయమైనది. ఈ నాటకంలో ఒంటిరంగు అలంకారం కాదు, అర్థంలో భాగం. దానిని మార్చిన చిత్రకారుడు నాటకం చేసిన ప్రతిపాదననే కొట్టివేస్తున్నాడు.

దీనికి ఎదురుగా మరొక చిక్కు. చరిత్రలోని వాషింగ్టన్, జెఫర్సన్, స్కైలర్ అక్కచెల్లెళ్ళ తండ్రి ఫిలిప్ స్కైలర్ బానిసల యజమానులు. నటుల మీది ప్రేమతో గీసిన బొమ్మలలో వాషింగ్టన్ వాత్సల్యమూర్తి, జెఫర్సన్ కొంటె సొగసుకాడు. నటుడి ముఖం పాత్రకు అతుక్కున్నప్పుడు, నటుడికి చెందవలసిన అభిమానం చరిత్రపురుషుడి ఖాతాలో జమ అవుతుంది. క్యాలెండరు కృష్ణుడి విషయంలో ఇది పెద్ద నష్టం కలిగించదు. మనుషులను కొని అమ్మిన వారి విషయంలో కలిగిస్తుంది.

మూడవ ఉదాహరణ పాతది. ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా బ్రాడ్వేలో 1988 జనవరి నుంచి 2023 ఏప్రిల్ దాకా 13,981 సార్లు ఆడింది. గాస్టన్ లెరూ నవలలో ఆ మనిషి ముఖం పుట్టుకతోనే శవం వంటిది, కన్నతల్లే చూడలేకపోయింది. రంగస్థలం మీద సగం ముసుగు సగం ముఖాన్ని నటుడికి విడిచిపెట్టింది. అభిమాన చిత్రకారులలో కొందరు ముసుగు తీసేసి కూడా చెంప మీద నాలుగు మచ్చలు పెట్టి సుందరుడిని చేస్తారు. జాలితో చేసే ఈ పని అతనికి మేలు చేయదు. ముఖం చూసి లోకం అతనిని వెలివేసింది; ఆ ముఖమే మామూలుదైతే వెలికి కారణం లేదు, పాటలోని ఆక్రోశానికీ ఆధారం లేదు. వికృతిని దాచకుండా గీసి, దానిలోనే మనిషిని చూపించిన కొద్ది బొమ్మలు ఇందుకే విలువైనవి.

విన్నదానికి ముఖం ఇచ్చే స్వేచ్ఛ అభిమానికి ఉంది, ఉండాలి. మైకేల్ బొమ్మలలో ఆ స్వేచ్ఛ బాధకు దగ్గరగా వెళ్ళింది. తక్కిన చోట్ల తేలిక చేసిన చర్మం, మరిచిపోయిన బానిసత్వం, చెరిపేసిన వికృతి మూడూ ప్రేమపేరుతోనే బాధకు దూరం జరిగాయి. బొమ్మ ఎంత అందంగా ఉందన్నది తరువాతి మాట. పాత్ర మోస్తున్న భారంలో ఎంత బొమ్మలోకి వచ్చిందన్నది ముందు అడగాలి.