టీకీ ఒక మోతాదుంది

చైనావాళ్ల టీ వైద్యంతో తగ్గని జబ్బే లేదంటూ బెంగాల్లోని మా రైల్వే కాలనీ మథురాకాటి వాట్సాప్ గ్రూపులో ఈ వారమంతా ఒకే సందేశం. ఒళ్లు మండింది. వంటింట్లో దొరికే ప్రతిదాన్నీ ఔషధం చేసేయడమంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. పసుపు మీద రాసినప్పుడు తిన్న తిట్లు నేనింకా మరిచిపోలేదు.

పైగా ఈ ప్రచారం రైలు ఊళ్లకి పాతదే. 1903 చట్టంతో ఎగుమతయ్యే టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతోనే మనకి టీ అలవాటు చేశారు. టైఫాయిడ్, కలరా దరిచేరవని బెంగాల్ స్టేషన్లలో ఎనామెల్ బోర్డులు వెలిశాయి. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రే టీని గట్టిగా వ్యతిరేకించారు. నాదీ ఆయన పక్షమే.

కానీ మా ఇంటి సంగతేమిటి? మా అత్తగారిది శ్రీకాకుళం. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే పాలు లేని చిక్కటి డికాక్షన్‌లో నిమ్మకాయ పిండి ఇచ్చేవారు. జుట్టుకి పెట్టే గోరింటాకు పొడిని ఇనప మూకుడులో టీ డికాక్షన్‌తో కలిపి రాత్రంతా ఉంచేవారు. తెల్లారేసరికి మూకుడు అంచులు కాటుకలా నల్లబడేవి. తీపి పోయేలా కడిగిన టీ పిప్పి గులాబీ మొదట్లోకి వెళ్లేది. పక్కింటి బెంగాలీ వదిన (బౌది) ఆ పిప్పినే ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టి, చెప్పుల అలమరలో పెడుతుంది. చైనాలో దాన్ని దిండ్లలోనూ కూరతారు.

ఆ మూకుడు నల్లబడటంలోనే ఉంది కిటుకంతా. టీలోని టానిన్ ఇనుమును పట్టేస్తుంది. మనం తిన్న ఆకుకూర, పప్పుల్లోని ఇనుమునీ కడుపులో అలాగే పట్టేసి, ఒంటికి సరిగ్గా అందనివ్వదు. మన ఆడవాళ్లేమో కంచం ఎత్తీ ఎత్తకముందే టీ గ్లాసు పట్టుకుంటారు. ఐరన్ మాత్రను ఆ టీతోనే మింగేవాళ్లూ ఉన్నారు.

ఇంతకీ ఆ చైనావాళ్లేమన్నారో చూద్దామని, 8వ శతాబ్దంలో అక్కడి లూ యూ టీ మీద రాసిన ‘చాజింగ్’ తిరగేశాను. తలనొప్పికీ, దాహానికీ, కళ్ల మంటకీ టీ మంచిదన్నాడు. ఎంత తాగాలట? నాలుగైదు గుక్కలు! వేళకాని వేళ కోసిన ఆకుతో జబ్బు చేస్తుందనీ హెచ్చరించాడు.

అందుకే ఆ సందేశాన్ని చెరిపేయలేదు. టీని మందే అనుకుందాం, అప్పుడైనా వేళా మోతాదూ చూస్తాం. భోజనానికీ టీకీ మధ్య గంట ఎడమివ్వండి. ఇంట్లో ఐరన్ మాత్రలు వాడే అమ్మాయి ఉంటే, టీ గ్లాసు పక్కనపెట్టి నిమ్మరసంతో వేయించండి.